కేసరపల్లి పెంకులు, తొలి రైతుల వంటిల్లు

విజయవాడ నుంచి గన్నవరం విమానాశ్రయానికి వెళ్లే దారిలో కేసరపల్లి ఉంది. ఇప్పుడు ఆ పేరు చెబితే చాలామందికి ఐటీ పార్కు, మేధా టవర్స్ గుర్తొస్తాయి. 2024 జూన్ 12న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగిన చోటుగా మరికొందరికి గుర్తు. పురావస్తు శాస్త్రం చదివినవాళ్లకు మాత్రం 1962వ సంవత్సరం గుర్తొస్తుంది. భారత పురావస్తు సర్వే శాఖకు చెందిన హెచ్. సర్కార్ అప్పట్లో అక్కడి పాత దిబ్బను తవ్వించి, అడుగు నుంచి పైదాకా ఏ పొరలో ఏముందో నమోదు చేశారు. ఆ నివేదిక 1966లో ఆ శాఖ పత్రిక 'ఏన్షియంట్ ఇండియా' 22వ సంచికలో వచ్చింది.

దిబ్బ అడుగున తామ్రశిలాయుగపు (రాతి పనిముట్లతో పాటు రాగి వాడకం కూడా తెలిసిన కాలం) పెంకులు దొరికాయి. వాటి పైన ఇనుము వచ్చిన కాలపు పెంకులు. ఆ పైన తొలి చారిత్రక యుగానివి. అంటే ఒకే చోట, ఒకదానిమీద ఒకటిగా, తరతరాల జనం కాపురం ఉన్నారన్నమాట.

కృష్ణా తీరంలో తవ్వకాలు తక్కువేమీ జరగలేదు. అయితే వాటిలో ఎక్కువ భాగం బౌద్ధ స్తూపాల చుట్టూ తిరిగాయి. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట పేర్లు బడిపిల్లలకు కూడా తెలుసు. అక్కడ పాలరాతి లాంటి సున్నపురాతి శిల్పాలున్నాయి, శాసనాలున్నాయి. ఆ స్తూపాలు లేవక ముందే, ఎన్నో వందల ఏళ్ల నాడు, ఇక్కడ గింజలు చల్లి, పశువులు కాచి బతికినవాళ్లు రాత ఎరగరు. వాళ్ల గుడిసెల కర్రలు పుచ్చిపోయాయి. గడ్డి కప్పులు మట్టిలో కలిశాయి. బట్టలు, బుట్టలు, తాళ్లు ఏవీ మిగల్లేదు. రాతి గొడ్డళ్లు మిగిలాయి, కొన్ని ఎముకలు మిగిలాయి. వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కుండపెంకులు మిగిలాయి.

పెంకు అంతగా ఎందుకు మిగులుతుంది? బంకమన్నులోని కణాల్లో రసాయనికంగా బంధించి ఉన్న నీరు కొంత ఉంటుంది. ఎండలో పెడితే అది పోదు. సుమారు 500 నుంచి 600 డిగ్రీల వేడి తగిలాక పోతుంది. ఒకసారి పోయాక ఆ మన్ను మళ్లీ బంకమన్ను కాదు. ఎన్ని వానలు కురిసినా కరగదు, చెద పట్టదు, తుప్పు పట్టదు. పైగా కుండ ఖరీదైన వస్తువు కాదు. పగిలితే దాచుకోరు, పెరట్లో పారేస్తారు. రాగి పాత్ర చిల్లు పడితే కరిగించి మరొకటి చేసుకుంటారు. పగిలిన కుండను కరిగించే వీలు లేదు. అందుకే అది పగిలిన ఇంటి దగ్గరే ఉండిపోతుంది. చరిత్ర రాసేవాళ్లకు ఇంతకన్నా నమ్మకమైన సాక్షి మరొకటి దొరకదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. కుండ కనబడితే చాలు, అక్కడ సేద్యం ఉన్నట్టే అనుకోకూడదు. చైనాలోని షియాన్‌రెన్‌డోంగ్ గుహలో దొరికిన పెంకులు సుమారు 20 వేల ఏళ్ల నాటివి. అవి చేసినవాళ్లు వేటగాళ్లు. జపాన్‌లో కూడా సేద్యం కన్నా కుండలే ముందు వచ్చాయి. పశ్చిమాసియాలో ఇది తిరగబడింది. జెరికోలో గోధుమ, బార్లీ పండించినవాళ్లు చాలాకాలం కుండ లేకుండానే బతికారు. ఇప్పటి పాకిస్థాన్‌లోని మెహర్‌గఢ్ అడుగు పొరల్లోనూ అంతే. కనుక ప్రతి ప్రాంతంలో కుండకూ గింజకూ ఉన్న సంబంధాన్ని విడిగా తేల్చాలి. ఆ తేల్చే పద్ధతే ఈ శాస్త్రం.

ఒక పెంకును చేతిలోకి తీసుకుందాం. అరచేతిలో సగం ఉంటుంది. తెలియనివాళ్లు ముందు పైరంగు చూస్తారు. తెలిసినవాళ్లు విరిగిన అంచు చూస్తారు. అంచు మీద మూడు చారలు కనిపించవచ్చు. పైనా కిందా ఎరుపు, మధ్యలో నలుపు. ఆ నల్లటి చార, మట్టిలో ఉన్న ఊక, పేడ, ఆకు వంటివి పూర్తిగా కాలకుండా మిగిల్చిన బొగ్గు. మంట ఎక్కువసేపు నిలవలేదని, ఆవం (కుండలు కాల్చే బట్టీ) లేకుండా బయటే కట్టెలు, పిడకలు పేర్చి కాల్చి ఉంటారని దాన్నిబట్టి ఊహించవచ్చు. అదే అంచులో సన్నటి సొరంగాల్లాంటి ఖాళీలుంటాయి. అవి కలుపు (మట్టి పగలకుండా అందులో కలిపే ఊక, పొట్టు, ఇసుక) కాలిపోయిన చోట్లు. ఊక మంటలో పోతుంది, దాని అచ్చు మాత్రం కాలిన మట్టిలో ఉండిపోతుంది. ఆ ఖాళీలోకి రబ్బరు ద్రావణం పోసి, గట్టిపడ్డాక తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే అది ఏ గింజ పొట్టో పోల్చవచ్చు. గింజ మిగలని చోట కూడా గింజ రూపం చిక్కుతుంది.

తర్వాత లోపలివైపు చూడాలి. చేత్తో చేసిన కుండ లోపల వేళ్ల నొక్కులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. మట్టిని తాడులా పేని చుట్లు చుట్టి చేస్తే, పెంకు ఆ చుట్ల అతుకుల వెంబడే విరుగుతుంది. సారె మీద చేస్తే సన్నటి గీతలు ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి పలచన చేస్తే లోపల పల్లాలు, బయట చదును మచ్చలు పడతాయి. ఈ కొట్టే పద్ధతి మన కుమ్మరి వీధుల్లో ఇప్పటికీ బతికే ఉంది. అడుగు గుండ్రంగా, పలచగా రావాలంటే సారె ఒక్కటే చాలదు.

అడుగు గుండ్రంగా ఎందుకుండాలి? మూల ఉన్న చోట వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తగిలి పగులు పుడుతుంది. గుండ్రటి అడుగుకు ఆ గొడవ లేదు. మూడు రాళ్ల పొయ్యి మీద అది కుదురుగా కూర్చుంటుంది. మట్టిలో కలిపిన ఇసుక రేణువు కూడా ఇలాంటి పనే చేస్తుంది. పుట్టిన పగులు రేణువు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. వంటకుండలో గరుకు కలుపు, నీళ్లకుండలో మరో రకం కలుపు వాడారంటే, ఏ పనికి ఏ మట్టో వాళ్లకు తెలుసన్నమాట. బయట పట్టిన మసి ఎక్కడ దట్టంగా ఉందో చూస్తే కుండను పొయ్యి మీద ఎలా నిలబెట్టారో తెలుస్తుంది. లోపలి గీతలు గరిటె తిప్పిన గుర్తులు కావచ్చు.

మూతి ముక్క దొరికితే ఇంకా మంచిది. ఒక కాగితం మీద వృత్తాలు గీసి ఉంచుకుంటారు. మూతి వంపు ఏ వృత్తంతో కలిసిందో చూస్తే కుండ మూతి ఎంత వెడల్పో తెలుస్తుంది. అది ఒక మనిషి తాగే ముంతా, ఇంటిల్లిపాదికీ వండే కుండా, ధాన్యం దాచే గాదె లాంటి బానా అన్నది అక్కడ తేలుతుంది. ఒక పొరలో ముంతలు, చట్లు తప్ప పెద్ద బానలు లేవనుకోండి. ఆ జనం కదిలే జనం కావచ్చు. పై పొరలో బానలు పెరిగాయనుకోండి. పండిన దానిలో మిగులుతోందని, దాన్ని దాస్తున్నారని, ఊరు నిలబడిందని అర్థం చెప్పుకోవచ్చు. భుజాన మోసుకుపోలేని పాత్ర మనిషిని ఒకచోట కట్టిపడేస్తుంది.

ఈ పని చూడటానికి విసుగ్గా ఉంటుంది. తవ్వకం దగ్గర పెంకుల్ని కడుగుతారు, నీడలో ఆరబెడతారు, ఒక్కోదాని మీద నల్ల సిరాతో చిన్న అక్షరాలు రాస్తారు. ఏ ఊరు, ఏ ఏడాది, ఏ గుంట, ఎన్నో పొర అన్నది ఆ రాతలో ఉంటుంది. నా దృష్టిలో మొత్తం పనిలో అదే కీలకం. ఆ నాలుగు గుర్తులు చెరిగిపోతే ఎంత అందమైన పెంకైనా మూగబోతుంది.

పొర ఎందుకంత ముఖ్యమో ఒక పాత ఉదంతం చెబుతుంది. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వారు. ఇటలీలోని అరెజ్జో ప్రాంతపు ఎర్రటి పాత్రల ముక్కలు అక్కడ దొరికాయి. అవి ఏ దశాబ్దాల్లో తయారయ్యాయో రోమన్ చరిత్రనుబట్టి ముందే తెలుసు. వాటితో పాటు రౌలెటెడ్ పళ్లాలు (లోపలి అడుగున వలయాలుగా చుక్కలు దొర్లించిన నునుపైన పాత్రలు) దొరికాయి. వాటి కాలం కూడా అలా ఖాయమైంది. 1947లో వీలర్ చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో తవ్వితే పై పొరలో ఆ పళ్లాల ముక్కలే వచ్చాయి. వాటి కింద రాకాసి గుళ్ల (పెద్ద రాళ్లు పేర్చిన సమాధులు) కాలపు పాత్రలు. ఇంకా కింద రాతి గొడ్డళ్లు, చేత్తో చేసిన బూడిద రంగు కుండలు. తెలిసిన పై మెట్టు నుంచి తెలియని కింది మెట్టుకు దిగే నిచ్చెన అలా దొరికింది. మన అమరావతి, ధరణికోటల్లో కూడా రౌలెటెడ్ పెంకులున్నాయి. కృష్ణా తీరపు పొరలకు కాలం కట్టడంలో ఆ నిచ్చెనే ఇక్కడా పనికొచ్చింది.

ఆ నిచ్చెనలో ఒక లోపం ఉంది. కింది మెట్టు ఎంత లోతో అది చెప్పలేదు. రాతి గొడ్డళ్ల కాలం క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది ఆరంభంలో మొదలైందని వీలర్ అంచనా వేశారు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ మక్తల్ వైపు ఉన్న ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) బూడిద దిబ్బను తవ్వారు. అక్కడి బొగ్గును కర్బన కాల నిర్ణయానికి (చనిపోయిన జీవపదార్థంలో తరిగిపోయే కర్బనం-14ను కొలిచి వయసు కట్టే పద్ధతి) పంపితే క్రీ.పూ. 2000 దాటి వెనక్కి వెళ్లింది. వీలర్ అంచనా వెయ్యేళ్లకు పైగా వెనక్కి జరిగింది. ఇప్పుడు దక్షిణాది నవీన శిలాయుగం (రాయిని అరగదీసి గొడ్డళ్లు చేసుకుని, సేద్యం, పశుపోషణ నేర్చిన కాలం) సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా అని లెక్క.

ఆ బూడిద దిబ్బలు కృష్ణా, తుంగభద్రల పరీవాహకంలో ఎన్నో ఉన్నాయి. మొదట్లో వాటిని అగ్నిపర్వతపు బూడిద అనీ, రాక్షసుల చితి అనీ అనుకున్నవాళ్లున్నారు. అది కాలిన పేడ అని శాస్త్ర పరీక్షల్లో తేలింది. ఉట్నూరులో పశువుల గిట్టల అచ్చులు కూడా బయటపడ్డాయి. చుట్టూ కర్రల కంచె కట్టి మందల్ని తోలేవారు. పేరుకున్న పేడను తగలబెట్టేవారు. మళ్లీ కంచె కట్టేవారు. తెలుగువారైన కట్రగడ్డ పద్దయ్య కర్ణాటకలోని బుడిహాల్ దిబ్బను ఏళ్ల తరబడి తవ్వి, దాని పక్కనే జనం నివసించిన జాడలు, పశువుల్ని కోసిన చోటు చూపించారు. బూడిద దిబ్బలు పశువుల దొడ్లు మాత్రమే కావు, ఊళ్లు కూడా అని అప్పుడు గట్టిపడింది.

ఈ జనం ఏం తిన్నారు? చాలాకాలం దీనికి సరైన జవాబు లేదు. నల్లటి మాడిన గింజలు కంటికి ఆనవు. తవ్విన మట్టిని నీళ్లలో కలిపి, తేలిన తేలిక పదార్థాన్ని సన్నటి జల్లెడతో పట్టే పద్ధతి వచ్చాక జవాబు దొరికింది. రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య, డోరియన్ ఫుల్లర్ వంటివారు కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాల్లో ఇలా జల్లించారు. ఫలితాలు 2004లో ప్రచురించారు. అండుకొర్రలు, కొర్రజాతి గడ్డిగింజ ఒకటి, ఉలవలు, పెసలు. ఇవే మళ్లీ మళ్లీ వచ్చాయి. గోధుమ, బార్లీ కొన్నిచోట్ల తర్వాత చేరాయి. వరి వీళ్ల ప్రధాన పంట కాదు. దక్షిణాదిలో వరి ఆనవాళ్లు బలపడేది ఇనుము వచ్చిన కాలంలో.

ఇప్పుడు ఈ గింజల పక్కన కుండల్ని పెట్టి చూడండి. ఉలవలు పచ్చివి తినలేం. నిప్పుల మీద కాల్చి తిన్నా తేలిగ్గా అరగవు. గంటల తరబడి నీళ్లలో ఉడకాలి. అండుకొర్రల్ని దంచి, నూరి, జావ కాచాలి. నిప్పు మీద నీటిని గంటసేపు నిలిపే పాత్ర లేనిదే ఈ పంటలు తేలిగ్గా తిండిగా మారవు. బళ్లారి దగ్గరి సంగనకల్లు కొండల మీద రాళ్లకు పడ్డ నూరుడు గుంటలు, కింద దొరికిన బూడిద రంగు కుండలు, మట్టిలో తేలిన మాడిన గింజలు — మూడూ కలిస్తేనే ఒక పూట భోజనం మన కళ్లకు కడుతుంది. జావ వచ్చాక పసిపిల్లలకు మెత్తటి తిండి దొరికింది. తల్లిపాలు మాన్పించే వయసు తగ్గి, కాన్పుల మధ్య ఎడం తగ్గి, జనాభా పెరిగిందని చాలామంది పరిశోధకులు వాదిస్తారు. ఇది ఇంకా వాదమే అయినా నాకు సబబుగానే తోస్తుంది. ఊళ్లు పెద్దవి కావడానికి పొలం ఎంత కారణమో పొయ్యి మీది కుండ కూడా అంతే కారణం కావచ్చు.

ఫుల్లర్ 2005లో 'యాంటిక్విటీ' పత్రికలో రాసిన వ్యాసం ఈ ముడిని నేరుగా పట్టుకుంది. కొత్త గింజ ఒక ప్రాంతానికి వచ్చినప్పుడు కొత్త పాత్ర కూడా వచ్చిందా, లేక పాత వంట పద్ధతిలోనే కొత్త గింజను వండుకున్నారా అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. గింజలు జల్లించేవాళ్లూ పెంకులు లెక్కపెట్టేవాళ్లూ అంతకుముందు ఎవరి గదిలో వాళ్లు ఉండేవారు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం వల్ల వంటిల్లు అనే విషయం చరిత్రలోకి వచ్చింది.

పాత్రల రూపం ఎంత మాట్లాడగలదో చూడాలంటే బనగానపల్లె దగ్గరి పాతపాడు పెంకులు మంచి ఉదాహరణ. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పంతొమ్మిదో శతాబ్దంలో సేకరించిన వాటిలో అవి ఉన్నాయి. ఎర్రటి పూత మీద ముదురు రంగు గీతలు, బారుగా ముందుకు సాగిన కొమ్ము ఉన్న గిన్నెలు. కొమ్ము వంపేందుకు. వంపారంటే లోపల ఉన్నది ద్రవం, లేదా పల్చటి జావ. ఇంటింటా రోజూ వాడే మోటు కుండకు ఎవరూ అంత చిత్రం వేయరు. పదిమంది కూడిన చోట, అతిథికి వంపి ఇచ్చే చోట వాడిన పాత్రలని ఊహించడానికి అవకాశముంది. ఊహే. లోపల ఏముందో తేల్చే దారి వేరే ఉంది.

ఆ దారి రసాయన శాస్త్రానిది. పూతా మెరుగూ లేని వంటకుండ గోడకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వండినప్పుడు కొవ్వు వాటిలోకి ఇంకుతుంది. కుండ పగిలి వేల ఏళ్లు పూడి ఉన్నా ఆ కొవ్వు ఆమ్లాలు కొంత మిగులుతాయి. పెంకులో చిటికెడు పొడి గీకి, ద్రావణితో కడిగి, అందులోని కర్బన ఐసోటోపుల (ఒకే మూలకపు బరువు తేడా ఉన్న రూపాలు) నిష్పత్తి కొలుస్తారు. పశువు మాంసపు కొవ్వులో ఆ నిష్పత్తి ఒకలా ఉంటుంది, పాల కొవ్వులో ఇంకోలా ఉంటుంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఎవర్షెడ్ బృందం ఈ పద్ధతికి పునాది వేసింది. వాయవ్య తుర్కియేలో క్రీ.పూ. ఏడో సహస్రాబ్దిలోనే కుండల్లో పాలు కాచేవారని 2008లో వాళ్లు చూపించారు. మన దేశంలో గుజరాత్‌లోని కొటడా భడ్లీ పెంకుల్లో సుమారు క్రీ.పూ. 2500 నాటి పాడి ఆనవాళ్లున్నాయని కళ్యాణ్ శేఖర్ చక్రవర్తి బృందం 2020లో ప్రచురించింది. మన బూడిద దిబ్బల జనం అన్ని మందల్ని కాచారు కదా, పాల కోసమా, మాంసం కోసమా, దుక్కి కోసమా? ఈ ప్రశ్నకు గట్టి జవాబు పెంకుల గోడల్లో ఉంది.

ఇంకో విషయం. చిరుధాన్యాలు, వరి గాలిలోని కర్బనాన్ని రెండు వేర్వేరు పద్ధతుల్లో పట్టుకుంటాయి. కనుక ఆ మొక్కల్లోనూ, ఆ గడ్డి మేసిన పశువుల్లోనూ ఐసోటోపుల గుర్తు వేరుగా ఉంటుంది. మెట్ట పంటల నుంచి వరి వైపు ఒక ఊరు ఎప్పుడు మళ్లిందో పెంకుల పొరల్లోనే వెతకవచ్చు. వేడి, తేమ ఎక్కువున్న నేలలో కొవ్వు త్వరగా చెడుతుంది. ఆ ఇబ్బంది మన ప్రాంతానికి ఉంది. అందుకే ఎక్కువ పెంకులు, జాగ్రత్తగా తీసినవి, పరీక్షించాల్సి ఉంటుంది.

ఇక డెల్టా దగ్గరికి వద్దాం. ఈ డెల్టా వయసు తక్కువ. సుమారు ఆరేడు వేల ఏళ్ల క్రితం సముద్రం ఇప్పటికన్నా చాలా లోపలికి, కొల్లేరు దాకా ఉండేది. కృష్ణా, గోదావరి తెచ్చిన ఒండ్రు కొద్దికొద్దిగా పేరుకుని నేల ముందుకు జరిగింది. కొల్లేరు ఆనాటి సముద్రపు కయ్య (ఉప్పునీటి పాయ) మిగిల్చిన సరస్సు. కాబట్టి తొలి రైతులు వచ్చేనాటికి ఇప్పటి బందరు, అవనిగడ్డ వైపు నేల ఇలా లేదు. చిత్తడి, ఇసుక తిన్నెలు, వరద. మెట్టకూ పల్లానికీ మధ్య ఉన్న గట్టు నేల మాత్రం బతకడానికి అనువైనది. కేసరపల్లి ఉన్నది అలాంటి అంచునే. ఉత్తరాన గన్నవరం, నూజివీడు వైపు మెట్ట. దక్షిణాన పల్లం. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు ఈ పరిసరాల మీదుగానే కొల్లేటికి చేరుతుంది. మెట్ట మీద చిరుధాన్యం, పప్పుగింజ, పక్కన పచ్చిక, దగ్గర్లో చేపలు, ముంపుకు అందని ఇల్లు. ఊరు అక్కడ ఎందుకు పుట్టిందో దీన్నిబట్టి తేలిగ్గా అర్థమవుతుంది.

మనకు డెల్టా అంటే వరి. అంత గట్టిగా ముడిపడిపోయింది. కాలువల కింద రెండు పంటలు తడిసే ఈ దృశ్యానికి అసలు ఆధారం 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ. వరి అంతకుముందూ ఉంది, నిజమే. దానికి ముందు ఎగువ కృష్ణా తీరంలో వండిన తొలి కూడు మాత్రం మెట్టగింజలదే. ఇప్పుడు మార్కెట్లో సిరిధాన్యాలని అమ్ముతున్న సంచుల్లో ఉన్నవి కొన్ని ఆ పంటలే.

ఎగువ నుంచి దిగువకు ఈ జీవన పద్ధతి ఎలా వచ్చింది? మధ్యలో నాగార్జునకొండ ఉంది. అక్కడ 1954 నుంచి 1960 దాకా, జలాశయం నిండకముందు, పెద్ద ఎత్తున తవ్వారు. ఇక్ష్వాకుల రాజధాని కింద, చుట్టుపక్కల నవీన శిలాయుగపు ఆవాసాలు, కుండలు బయటపడ్డాయి. ఆ లోయ ఇప్పుడు నీటి అడుగున ఉంది. మళ్లీ వెళ్లి తవ్వే అవకాశం లేదు. ఆనాడు తీసి, సిరాతో గుర్తు రాసి భద్రపరిచిన పెంకులే ఇక ఆ ఊరికి మిగిలిన ఆధారం.

ఇలాంటి చోట ఒక జాగ్రత్త అవసరం. కేసరపల్లిలోనో మరోచోటనో బూడిద రంగు కుండలు పోయి నలుపు–ఎరుపు పాత్రలు వచ్చాయంటే, పాత జనం పోయి కొత్త జనం వచ్చారని వెంటనే రాసేయకూడదు. పూర్వం అలా రాసేవారు. నలుపు–ఎరుపు అన్నది కాల్చే నేర్పు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందదు, అక్కడ పొగకర్బనం పట్టి నల్లబడుతుంది. బయట గాలి తగిలిన చోట మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. ఒక నేర్పును పక్క ఊరివాళ్లను చూసి నేర్చుకోవచ్చు, పెళ్లి చేసుకుని వచ్చిన కోడలు తేవచ్చు, సంతలో కొనుక్కోవచ్చు. పాత్ర మారితే వంట మారిందేమో చూడాలి, వడ్డన మారిందేమో చూడాలి. జాతి మారిందనడం చిట్టచివరి మాట. కుండను కులానికో తెగకో గుర్తింపు కార్డుగా వాడే రాతలు ఇప్పటికీ కనిపిస్తాయి. పాఠకులు వాటిని అనుమానంతో చదవడం మంచిది.

ఈ విషయం ఇప్పుడెందుకు? కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులకు పాటిమన్ను తెలుసు. పాత ఊరు పాడుపడిన దిబ్బ మీది మన్ను. అందులో వందల ఏళ్ల బూడిద, పేడ, చెత్త కలిసి ఉంటాయి కాబట్టి పొలానికి మంచి ఎరువు. తరాలుగా బళ్లకెత్తి తోలారు. అందులో ఎవరి తప్పూ లేదు. ఎరువుల బస్తాలు లేని కాలంలో రైతుకు అది అవసరం. ఆ తోలకం బండి వేగంతో సాగింది. ఇప్పుడు యంత్రం ఒక్కరోజులో దిబ్బను చదును చేస్తుంది. విజయవాడ చుట్టూ బైపాస్ రోడ్లు, లేఅవుట్లు, ఇటు గన్నవరం, అటు అమరావతి పనులు. మెరక కోసం మన్ను కావాలి. ఊరికి దగ్గర్లో ఉన్న గట్టు మొదట కంటబడుతుంది. రక్షిత స్థలాల జాబితాలో పేరున్న దిబ్బకు చట్టం అండ ఉంది. పేరు లేని దిబ్బకు ఊరివాళ్లే అండ.

దిబ్బ పోతే పోయేది పెంకులు కావు. పెంకులు పొలంలో ఎక్కడో ఉంటాయి. వాటి వరస పోతుంది. కింద ఏది, పైన ఏది అన్నది పోతుంది. అది పోయాక ప్రపంచంలోని ఏ ప్రయోగశాలా దాన్ని తిరిగి ఇవ్వలేదు. జాగ్రత్తగా దాచినదైతే ఎన్నేళ్ల తర్వాతైనా పనికొస్తుంది. తూర్పు సూడాన్‌లో 1980ల్లో తవ్వి భద్రపరిచిన పెంకుల్ని దశాబ్దాల తర్వాత సూక్ష్మదర్శిని కింద చూశారు. జొన్నపొట్టు అచ్చులు కనిపించాయి. ఐదువేల ఏళ్లకు పైబడిన సాగుజొన్నకు అది సాక్ష్యమని 2017లో ప్రకటించారు. మన సీమలో, తెలంగాణలో తరాలు తిన్న జొన్న ఆఫ్రికా నుంచి వచ్చిన పంట. దాని పుట్టుక గుట్టు గోదాములో ఉన్న పెంకుల్లో దొరికింది. కేసరపల్లి, నాగార్జునకొండ, ఉట్నూరు పెంకుల్ని కొత్త పద్ధతుల్లో మళ్లీ పరీక్షించడానికి మన విశ్వవిద్యాలయాలు పూనుకోవాలి. కొత్త తవ్వకం కన్నా ఇది తక్కువ ఖర్చు పని.

కుమ్మరి వృత్తిలో ఉన్న పెద్దవాళ్ల దగ్గర కూడా ఈ శాస్త్రానికి కావలసిన జ్ఞానం ఉంది. ఏ చెరువు మన్నుకు ఎంత ఇసుక పట్టించాలి, ఏ కట్టె మంట నిలుస్తుంది, ఏ నెలలో కుండ పగులుతుంది. చరిత్ర విద్యార్థులు వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి. వాళ్ల పిల్లల్లో చాలామంది ఈ పనిలోకి రావడం లేదు.

పాఠకులకు ఒక విన్నపం. పునాది తీస్తున్నప్పుడో, బోరు వేస్తున్నప్పుడో, గట్టు తవ్వుతున్నప్పుడో ఒకేచోట గుట్టగా పెంకులు, బూడిద పొర, నున్నగా అరిగిన రాతి గొడ్డలి కనబడితే, వాటిని ఏరి ఇంటికి తీసుకెళ్లకండి. ఉన్నచోటే ఉంచి, పక్కన ఒక స్కేలో పెన్నో పెట్టి ఫొటో తీయండి. పై నేల నుంచి ఎంత లోతో, ఏ సర్వే నంబరో రాసుకోండి. తహసీల్దారుకు, రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి. దగ్గర్లోని కాలేజీ చరిత్ర అధ్యాపకులకు కూడా ఒక మాట చెప్పండి. ఎవరైనా వచ్చి చూసేదాకా ఆ ఒక్క చోట పని ఆపగలిగితే చాలు.